అంబాసిడర్ అడుగున మడ్డి

పొద్దున్నే పొయ్యి వెలిగించకముందే ఏసుపాదం అంబాసిడర్ బానెట్టు ఎత్తుతాడు. నూనె కొలిచే పుల్ల బయటికి లాగి, పాత లుంగీ ముక్కతో తుడిచి, మళ్ళీ దింపి, మళ్ళీ లాగి వెలుతుర్లో పెట్టి చూస్తాడు. పుల్ల మీద రెండు గీతలుంటాయి. నూనె పై గీతకి దగ్గరగా ఉంటే ఇంటివైపు తిరిగి "పర్లేదు" అంటాడు. చెద పట్టిన గుమ్మానికి ఆనుకుని లేసు అల్లుతున్న కృపారాణి సూది పక్కన పెట్టి కాఫీ పెట్టడానికి లేస్తుంది. నూనె కింది గీతకి జారిందంటే మాత్రం ఆవిడ లేవదు, లేస్తే కళ్ళు తిరుగుతాయి. ఆ పూట ఏసుపాదం డబ్బాలోంచి కాస్త ఇంజనాయిలు పోసి, కాఫీ కూడా తనే పెడతాడు.

నరసాపురం రేవుకి దగ్గరున్న ఆ వీధిలో ఇదేం వింత కాదు. పక్కింటి సుబ్బాయమ్మ "మీ ఆవిడకెలా ఉంది" అని అడగాల్సిన చోట "నూనె ఎక్కడుందయ్యా" అని అడుగుతుంది. ఆర్‌ఎంపీ డాక్టరు వెంకటరాజు నాడి పట్టుకునే ముందు కారు కింద ఓసారి వంగి చూసొస్తాడు. కారు బాడుగకెళ్ళి ఎక్కడో కాలవ వంతెన ఎత్తెక్కుతుంటే ఇక్కడ కృపారాణి అల్లిక ఆగుతుంది, వంతెన దిగాక మళ్ళీ మొదలవుతుంది. మొగుడు ఎంతవరకూ వచ్చాడో ఆవిడ ఊపిరి చూసి చెప్పొచ్చని, ఆ ఇంటికి టెలిఫోను దండగని వీధివాళ్ళ వేళాకోళం.

ఇది మొదలైంది రేవులోనే. పదేళ్ళ కిందట ఒక క్రిస్మస్‌కి ఏటికి అవతల, అంతర్వేది దగ్గర కృపారాణి పుట్టింటికెళ్ళారు. కూతురు హెప్సిబాకి అప్పటికి ఏడేళ్ళు. పండగ మర్నాడు ఒళ్ళు పేలిపోయే జ్వరం వచ్చింది. నరసాపురం పెద్దాసుపత్రికి తీసుకొద్దామని బయల్దేరి సఖినేటిపల్లి రేవుకొచ్చేసరికి గాలి లేచింది. కార్లు దాటించే పంటు నరసాపురం ఒడ్డునే ఉండిపోయింది. ఆపితే మళ్ళీ స్టార్టవదేమోనన్న భయంతో ఏసుపాదం ఇంజను ఆపలేదు. మధ్యాహ్నమంతా అది కొట్టుకుంటూనే ఉంది. వెనక సీట్లో తల్లి ఒళ్ళో పిల్ల గుండె ఆగిపోయింది.

కృపారాణి ఏడవలేదు. పెదాలు బిగించి ఇంజను చప్పుడు వింటూ కూర్చుంది. ఆ రోజు నుంచి ఆవిడ ఊపిరీ ఆ ఇంజన్లో నూనే ఒకటైపోయాయి. ఎలాగని ఎవరూ అడగలేదు. అంత దుఃఖం మింగితే అది ఎక్కడో ఒకచోట దిగాలి కదా. తర్వాత కూడా ఆవిడ ఎన్నడూ కన్నీరు పెట్టలేదు. సాయంత్రం అన్నానికి మూడు కంచాలు పెట్టడం మాత్రం మానలేదు. మూడో కంచంలో అన్నం పొద్దున కాకులు తినేవి.

ఏ కారుకైనా పాత నూనె వదిలేసి కొత్తది పొయ్యాలి. మరుసటేడు పాలకొల్లులో ఒక షెడ్డువాడు, సంగతి తెలియక, కింద బోల్టు తిప్పి చాంబర్లో నూనె వదిలేశాడు. చాంబరంటే ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టి. అది ఖాళీ అవుతున్నకొద్దీ ఇక్కడ కృపారాణి అల్లుతున్న లేసు మీదే ఒరిగిపోయింది. సుబ్బాయమ్మ ఎస్టీడీ బూతుకి పరిగెత్తి ఫోను చేయించబట్టి సరిపోయింది. తిరిగి నూనె పోశాకగానీ ఆవిడ కళ్ళు తెరవలేదు. అప్పట్నుంచీ ఆ బోల్టు మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. తగ్గినప్పుడల్లా పైన పోయడమే. అది తప్పని ఏసుపాదానికీ తెలుసు. కానీ పెళ్ళాం ప్రాణం అందులో ఉందని తెలిశాక బోల్టు విప్పే మొనగాడెవడు? అలా పదేళ్ళు గడిచిపోయాయి.

టాక్సీ స్టాండులోకి ఇండికాలూ సుమోలూ వచ్చి చేరాయి. ఆ ఎండాకాలం అంబాసిడర్ ఇంజను లోపల అరిగిపోయి బోరుకొచ్చింది. వెనక నీలం పొగ మొదలైంది, ఇంట్లో కృపారాణికి దగ్గు మొదలైంది. కారు వంతెనలెక్కలేక మొరాయించేది, ఆవిడ నూతి దగ్గర్నుంచి బిందె మోయలేకపోయేది. అల్లిక ఆలస్యమవుతోందని లేసు కొనేవాళ్ళు పని వేరే ఇళ్ళకి ఇచ్చేశారు. వెంకటరాజు నాడి పట్టుకుని చాలాసేపు కూర్చుని, నా చేతిలో ఏముందయ్యా, చంద్రరావు దగ్గరికెళ్ళు అన్నాడు.

చంద్రరావు ఊళ్ళో అంబాసిడర్లకి పాత మెకానిక్. పుల్ల లాగి చూస్తే దాన్నుంచి నల్లటి మడ్డి ముదురుపాకంలా వేలాడింది. లోపల నూనె తిరిగే దార్లన్నీ మూసుకుపోతున్నాయని, ఈ వర్షాకాలం దాటదని, ఎక్కడో రోడ్డు మీద ఇంజను పట్టేస్తుందని చెప్పాడు. ఇంజనుతోపాటు ఇంకేం ఆగిపోతుందో ఆయన అనలేదు, ఏసుపాదం అడగలేదు. ఇంజను విప్పి బోరు చేయించే మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

స్పేర్ పార్టుల కొట్టు ఉదయభాస్కర్ అప్పుడే హైదరాబాదులో కంపెనీ మీటింగుకెళ్ళొచ్చి ఉన్నాడు. అతని నోట అంతా సింథటిక్ ఆయిలే. "మామూలు ఆయిలంటే ముడిచమురుని వడకట్టిందండీ. ఇది అలాక్కాదు, కొలతపెట్టి తయారుచేసింది. ఎండకి పల్చబడదు, చలికి గడ్డకట్టదు, లోపలున్న మడ్డి మొత్తం కరిగించి కిందికి తెచ్చేస్తుంది. అక్క మళ్ళీ లేచి తిరుగుతుందండీ, నా మాట నమ్మండి" అన్నాడు. మామూలు నూనె మాటంటే అతనికి పాత చింతకాయ పచ్చడి.

చంద్రరావు ఒప్పుకోలేదు. "పాతింజనుకి ఆ మడ్డే గోడయ్యా. నూనె కారకుండా పట్టుకునే సీళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. ఆ సందుల్లో మడ్డి కూర్చుని కాపలా కాస్తోంది. దాన్ని కడిగేశావంటే ప్రతి కన్నంలోంచీ కారుతుంది. మామూలుదే, కాస్త చిక్కటిది పోసుకుంటూ పో. ఉన్నన్నాళ్ళు ఉంటుంది."

ఆ చివరి మాట ఏసుపాదానికి ముల్లులా దిగింది. స్టాండులో డ్రైవర్లు రెండు పార్టీలైపోయారు. సింథటిక్ అని కొందరు, మామూలే అని కొందరు, పొద్దస్తమానం టీ కొట్టు దగ్గర అరుచుకునేవారు. ఎవరి పెళ్ళాం ఊపిరీ కాదు కాబట్టి వాదన బాగానే సాగింది. ఏసుపాదం మాత్రం స్టీరింగు మీద తల పెట్టుకుని పడుండేవాడు.

చివరికి ఉదయభాస్కర్ ఒక చిన్న డబ్బా చేతిలో పెట్టి, మొత్తం మార్చొద్దు, ఉన్నదాంట్లోనే కాస్త కలిపి చూడండి అన్నాడు. ఏసుపాదం అది పోసి, ఇంజను స్టార్టు చేసి, చుట్టుపక్కల నాలుగు వీధులు తిప్పుకొచ్చాడు. వచ్చేసరికి కృపారాణి దగ్గడం లేదు. మధ్యాహ్నానికి నూతి దగ్గర నిలబడి తనే నీళ్ళు చేదుకుంది. సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని, పెళ్ళైన కొత్తలో గుళ్ళో పాడిన కీర్తన ఒకటి కూనిరాగం తీసింది. ఏసుపాదం బయట చెయ్యి కడుక్కుంటూ విన్నాడు. దేవా, దేవా అనుకుంటూ ఆ నీళ్ళతోనే మొహం కూడా కడుక్కుని లోపలికొచ్చి కూర్చున్నాడు. ఎదురుగా రెండు కంచాలున్నాయి.

పప్పు అరువడిగి తీసుకెళ్దామని గిన్నెతో వచ్చిన సుబ్బాయమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. కృపారాణి వడ్డించి, తను తినడం మొదలెట్టింది. ఏసుపాదం ముద్ద పట్టుకుని మూడో కంచం ఉండాల్సిన చోటే చూస్తూ ఉండిపోయాడు. ఉప్పు తక్కువైందా అని అడిగిందావిడ. సరిపోయిందన్నాడు.

ఆ కాస్త నూనె బలం రెండ్రోజుల్లో అయిపోయింది. దగ్గు తిరిగొచ్చింది, మూడో కంచమూ తిరిగొచ్చింది. అప్పటికి ఏసుపాదానికి ఆ మడ్డి ఏంటో అర్థమైపోయింది. ఆవిడ ఆ రోజు మింగిందంతా అందులోనే ఉంది. ఒళ్ళో కాలిపోయిన జ్వరం, అవతలి ఒడ్డున కదలని పంటు, ఆగిన గుండె, వాటితోపాటు అసలు పిల్లే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మామూలు నూనె పోస్తే పెళ్ళాం పోతుంది. సింథటిక్ పోస్తే కూతురు రెండోసారి పోతుంది.

ఎవరికీ చెప్పుకోలేకపోయాడు. మామూలు నూనే పోస్తూ వచ్చాడు. ఆదివారం గుళ్ళో ఆఖరి బల్ల మీద మోకరించాడు గానీ ఏమని అడగాలో తెలియలేదు. ఏది అడిగినా రెండోది వదులుకున్నట్టే. పాస్టరు గారు ఆమెన్ అన్నా అతను లేవలేదు. పక్కనున్నవాళ్ళు భుజం తట్టి లేపారు.

సంగతి కృపారాణికి చేరవేసింది సుబ్బాయమ్మే. ఆ సాయంత్రం కృపారాణి అన్నం వడ్డించకుండా కూర్చుంది.

"మొన్న రెండే కంచాలు పెట్టానటగా?"

ఏసుపాదం మూడో కంచం వైపు చూశాడు.

"మీరు చూశారా?"

"చూశాను."

"చూసి కూడా ఊరుకున్నారా?"

"నువ్వు పాడుతున్నావు కృపా. పదేళ్ళైంది నీ పాట విని. ఆపమని ఎలా అనను?"

ఆవిడ చాలాసేపు దగ్గి, ఊపిరి కూడదీసుకుని, ఆ నూనె ఇంకెప్పుడూ పోయొద్దంది. పిల్లని మర్చిపోయి నేను బతికేదేముందండీ అంది. అంతటితో ఆ మాట అయిపోయింది.

తొలి వానలు పడ్డాక ఒక మిట్టమధ్యాహ్నం, మొగల్తూరు దారిలో ఇంజను టకటకా కొట్టుకోవడం మొదలెట్టింది. ఏసుపాదం ఆ చప్పుడు వినగానే తాళం తిప్పి ఆపేసి, కారునీ అందులో మనుషుల్నీ అక్కడే వదిలేసి, ఎదురొచ్చిన సైకిలు వెనకెక్కి ఇంటికొచ్చిపడ్డాడు. కృపారాణి మంచం మీదుంది. పెదాలు నీలంగా తిరిగాయి. వెంకటరాజు విసనకర్ర పట్టుకుని విసురుతున్నాడు, అంతకుమించి చెయ్యడానికి ఆయన దగ్గరేం లేదు. ఏసుపాదం మంచం పక్కన కూలబడి ఆవిడ కాళ్ళు పట్టుకున్నాడు. అలా పట్టుకుంటారా అని ఇంకోరోజైతే కేకలేసేది.

"నువ్వూ పోతే ఆ మూడు కంచాలూ నేనే పెట్టుకోవాలి కృపా" అన్నాడు. "పెట్టి, ఒక్కణ్ణే కూర్చుని ఎలా తినమంటావు?"

కృపారాణి కళ్ళు తెరిచి అతన్ని చూసింది. పదేళ్ళలో ఆయన కూడా ముసలాడైపోయాడన్నది అప్పుడే కనపడ్డట్టు చూసింది. తర్వాత మాట మాటకీ ఆగుతూ చెప్పింది. "మా నాన్న ఉప్పుదేరిన చేను కడిగినట్టు కడగండి. పై గట్టున నీళ్ళు పెడుతూ కింద సన్నగా గండి తీసేవాడు. చేను ఎండకూడదు, ఉప్పు మాత్రం పోవాలి. బయటికొచ్చింది కాలవలో పారబోయకండి. అది నా పిల్ల. దాచండి."

కారుని తాడు కట్టి ఇంటి ముందుకి లాక్కొచ్చారు. మర్నాడు పొద్దున్నే ఉదయభాస్కర్ కొట్లో ఉన్న సింథటిక్ డబ్బాలన్నీ ఆటోలో వేసుకొచ్చాడు. చంద్రరావు గోనె పట్టా పరుచుకుని కారు కింద దూరాడు. నెల్లాళ్ళుగా మాటల్లేని ఆ ఇద్దరూ ఆ రోజు మాట్లాడుకోక తప్పలేదు. కాస్త వేడెక్కేవరకూ ఇంజను తిప్పి ఆపేశారు. చంద్రరావు బోల్టుని ఊడదీయకుండా, సన్నటి ధార వచ్చేంతవరకే వదులు చేశాడు. ఏసుపాదం పైనుంచి అంతే సన్నగా పోస్తున్నాడు. కృపారాణి అరుగు మీద మంచంలో పడుకుని, ఆ క్రిస్మస్‌కి హెప్సిబా గౌనుకని అల్లిన లేసు కాలరు గుప్పిట్లో పెట్టుకుని ఉంది.

ముందు ఏం రాలేదు. తర్వాత మడ్డి ముద్దలు ముద్దలుగా కింద పెట్టిన రేకు డబ్బాలోకి దిగింది. పడవల అడుక్కీ గుమ్మాలకీ పుయ్యడానికి షెడ్డుల్లో పాత నూనె అడిగి పట్టుకెళ్ళడం అక్కడివాళ్ళకి అలవాటు. రేవులో పడవవాడొకడు గిన్నె పట్టుకొచ్చి నిలబడితే సుబ్బాయమ్మ చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకుపోయింది. ఏసుపాదం ఒక కన్ను ధార మీద, ఒక కన్ను ఆ గుప్పిటి మీద పెట్టి పోస్తున్నాడు. ఆవిడ పెదాల నీలం పోయింది. బుగ్గల్లోకి రంగొచ్చింది. గుప్పిట్లో ఒక్కో వేలూ వదులైంది. కింద నుంచి తేనెరంగు నూనె రావడం మొదలయ్యాక కాలరు జారి అరుగు మీద పడింది. కృపారాణి లేచి కూర్చుని దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎవరి ఆర్డరండీ ఇది? ఇంత చిన్న కాలరు ఎవరడిగారు?"

ఏసుపాదం డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. చంద్రరావు కింద నుంచి, పొయ్యవయ్యా, ధార ఆగుతోంది అని కేకేశాడు.

ఆయన భయపడ్డట్టే అయింది. మడ్డి పోయిన ప్రతి సందులోంచీ నూనె చెమట పట్టినట్టు బయటికొచ్చింది. చెప్పానా అని చంద్రరావు అనలేదు. ఇక చిక్కటి మామూలు నూనే నింపాలన్నాడు, ఉదయభాస్కర్ మారుమాట్లాడకుండా తనే పోయి తెచ్చాడు. కడగడానికి అదీ, బతకడానికి ఇదీ అని టీ కొట్టు దగ్గర పార్టీలు రాజీపడ్డాయి. కారు కదిలింది. చుక్కలు చుక్కలుగా కారుతూనే ఉంది, రోజూ పొద్దున చూసి పోసుకోవాల్సిందే.

కృపారాణి నిక్షేపంగా తిరుగుతోంది. లేసు పని తిరిగొచ్చింది, కీర్తనలూ తిరిగొచ్చాయి. ఏసుపాదం ఒకరోజు ఆవిణ్ణి కూర్చోబెట్టి అంతా చెప్పి చూశాడు. పేరు చెప్పాడు, రేవు చెప్పాడు, గాలి చెప్పాడు. ఆవిడ పక్కూరి కబురు విన్నట్టు విని, "అయ్యో పాపం" అంది. ఆ తర్వాత అతను మళ్ళీ ఎత్తలేదు. రోజూ రెండు కంచాల ముందు కూర్చుని, నోట్లో ముద్ద దిగక, ఆకలి లేదని లేచిపోయేవాడు. పెళ్ళాం బతికింది కదా అని వీధంతా సంతోషించింది. అతనూ సంతోషించాల్సిందే. పిల్ల పోయినరోజు ఇద్దరున్నారు, ఇప్పుడు ఒక్కడే ఉన్నాడు. అంత ఒంటరితనం అతనికి రేవులో కూడా తెలియలేదు.

వానలు తగ్గిన ఒక పొద్దుట కృపారాణి పెరట్లోంచి రేకు డబ్బా ఈడ్చుకొచ్చింది. ఈ కంపు నూనె ఎందుకు దాచారని అడిగింది. నువ్వే దాచమన్నావన్నాడు. నేనా, నేనెందుకంటానండీ అని నవ్వేసింది. "గుమ్మం చూడండి, చెద ఎలా తినేస్తోందో. ఇది పూసేస్తే పట్టిన చెద చస్తుంది. లేదంటే పడవవాళ్ళకైనా ఇచ్చెయ్యండి."

పడవవాళ్ళ మాట విని ఏసుపాదం గబగబా కొబ్బరిపీచు తెచ్చుకున్నాడు. ఊరివాళ్ళ పాలు చెయ్యడం కంటే ఇంట్లోనే ఉంటుంది అనుకున్నాడు. ఒక్క చుక్క కింద పడకుండా, పసిపిల్లకి నలుగు పెట్టినట్టు మెల్లగా, కింది నుంచి పైదాకా ద్వారబంధమంతా పూశాడు. పూస్తున్నంతసేపూ అతని కళ్ళు కారుతూనే ఉన్నాయి. నూనె ఘాటు అని చెప్పాడు. ఆరేదాకా ముట్టుకోవద్దని చెప్పి చేతులు కడుక్కోవడానికి నూతి దగ్గరికెళ్ళాడు.

పదేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? కృపారాణి లేసు తెచ్చుకుని, కూర్చోబోతూ, ఎప్పట్లాగే గుమ్మం మీద అరచెయ్యి ఆనించింది.

అలాగే నిలబడిపోయింది. చేతిలో దారపు ఉండ జారి మెట్ల మీంచి దొర్లింది. అరచెయ్యి తీసి, అంటిన నలుపు చూసుకుని, మళ్ళీ అక్కడే ఆనించింది.

"ఎడంచేత్తో తినేదండీ" అంది. "ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు."

ఏసుపాదం చేద వదిలేసి వచ్చేసరికి ఆవిడ గుమ్మాన్ని పట్టుకుని కిందికి జారిపోయింది. రేవులో ఏడవాల్సిన ఏడుపు అప్పుడు వచ్చింది. వీధంతా వినపడింది, ఎవరూ రాలేదు, ఎవరి గుమ్మాల్లో వాళ్ళు నిలబడ్డారు. ఏసుపాదం పక్కనే కూర్చున్నాడు. చీరకీ చొక్కాకీ అంతా నలుపైంది. ఆ సాయంత్రం కృపారాణి మూడు కంచాలు పెట్టింది. తిన్నాక మూడోదాన్ని తనే కడిగి, తుడిచి, బోర్లించింది.

మర్నాడు ఏసుపాదానికి మెలకువ ఆలస్యంగా వచ్చింది. ఏడుపు గొడవలో ముందురోజు నూనె చూడలేదని గుర్తొచ్చింది. పరిగెత్తి బానెట్టు ఎత్తి పుల్ల లాగాడు. కింది గీత మీదే కాదు, దాని కింద కూడా నూనె లేదు. పుల్ల పొడిగా ఉంది. కారు అడుగున మట్టి నల్లగా తడిసిపోయి ఉంది. ఇంటివైపు తిరగడానికి అతనికి ధైర్యం చాలలేదు.

"ఏవండీ, చల్లారిపోతుంది" అని వెనక నుంచి వినపడింది. కృపారాణి గుమ్మం దాటుతూ ఎడమచేత్తో ద్వారబంధాన్ని ఒక్కసారి తాకి, ఆ చెయ్యి చీర కొంగుకి తుడుచుకుని, రెండో చేతిలో ఉన్న కాఫీ గ్లాసు అతనికి అందించింది.